కెప్టెన్ తట్టి చూసిన తలుపులు

సిమెంటు నేల మీద పడిన నెత్తురు రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరిస్తే పోతుంది. మంచు మీద పడింది అలా పోదు, లోపలికి దిగి గడ్డకడుతుంది, పారతో చెక్కి తీయాలి. పోయిన సోమవారం మస్కట్ ఘాలాలో మా వర్క్‌షాపు నేల కడిగిస్తూ ఈ తేడా గుర్తుకొచ్చి నిలబడిపోయాను. ఏసీ ప్లాంట్లు బాగుచేసే కంపెనీ మాది, నేను అక్కడ ఫోర్‌మన్‌ని. ఎవరో ఒక వాల్వు బిగించకుండా వదిలేశారు, గ్యాసు ఒక మెకానిక్ ముఖాన కొట్టింది, అతను పక్కనున్నవాడే చేశాడనుకొని పైపు రెంచీతో వాడి ముక్కు చితక్కొట్టాడు. వాల్వు వదిలిందెవరని నేనడిగితే పద్నాలుగుమంది పద్నాలుగు వైపులా చూశారు. రెండు రోజులకు కంపెనీ మాకందరికీ జట్టుగా పనిచేయడం మీద క్లాసు పెట్టించింది. చెప్పడానికి వచ్చిన యువకుడు గోడ మీద ఒక బొమ్మ వేశాడు: ఏదో చలిదేశపు ఐస్ హాకీ జట్టు నాయకుడు, పళ్ళూడిన నోటితో నవ్వుతూ కప్పు నెత్తిన పెట్టుకొని ఉన్నాడు. గొప్ప కెప్టెనంటే గెలిపించేవాడని చెప్పి అతను టీకి వెళ్ళిపోయాడు.

ఇది రాయాల్సిందేనని నేను నిశ్చయించుకున్నది అప్పుడే. మస్కట్లో ఐస్ హాకీ ఆడే మంచు రింకు ఉండేదని, అక్కడ నేను పనిచేశానని నా ఈడు వాళ్ళు కొందరికి తెలుసు. అక్కడ జరిగిన ఒక ఆట చూసినవాళ్ళు ఈనాటికీ కలిస్తే, వెనకనుంచి గుద్ది ఒక పిల్లాడి బతుకు పాడుచేసిన విదేశీ ఆటగాడి గురించి చెప్పుకొంటారు. అది అబద్ధం. అబద్ధమని తెలిసినవాళ్ళలో ఒకడినైన నేను ఇన్నేళ్ళూ తల ఊపుతూ విన్నాను.

నా చదువు పదో తరగతి, ఆపైన ఐటీఐలో శీతలీకరణ. మిగిలిందంతా గ్రంథాలయం పెట్టిన భిక్ష. మా ఊరి శాఖా గ్రంథాలయంలో బీరువా తర్వాత బీరువాగా, అర్థమైనా కాకపోయినా, చివరి అరదాకా చదివినవాణ్ణని నాకు కొంచెం గర్వం ఉంది, దాచుకోను. మస్కట్ వచ్చాక హమ్రియా పేటలో ఆరుగురం ఒక రూమ్‌లో ఉండేవాళ్ళం. నన్ను తీసుకొచ్చిన బావ రింకు కింద ప్లాంటు గదిలో కంప్రెసర్లు చూసేవాడు. నేను పైన మంచు చదును చేసే బండి నడిపేవాణ్ణి. బయట నలభై ఏడు డిగ్రీల ఎండలో కాకులు నోళ్ళు తెరుచుకొని ఉంటే, లోపల మేమిద్దరం స్వెట్టర్లేసుకొని ముక్కులు తుడుచుకొనేవాళ్ళం. వాడి కబీర్ అనే పేటలో పిన్నిగారని అందరమూ పిలిచే కాకినాడ టీచరమ్మ ఇంట్లో రెండు బీరువాల పుస్తకాలుండేవి. రింకులో పనిచేస్తున్నానని తెలిసి ఆవిడ ఎక్కడినుంచో ఒక పాత ఇంగ్లీషు ఐస్ హాకీ పుస్తకం తెచ్చిపెట్టింది. నిఘంటువు పక్కన పెట్టుకొని దాన్ని నాలుగు నెలలు చదివాను. జీతానికి ఆడే పెద్ద జట్లలో ఛాతీ మీద సి అనే అక్షరం కుట్టించుకున్న కెప్టెనే రిఫరీ దగ్గరికి వెళ్ళి తీర్పు సంగతి అడగవచ్చునని, తక్కినవాళ్ళు నోరెత్తితే శిక్ష పడుతుందని, దవడ విరిగినా కట్టు కట్టించుకొని ఆడిన కెప్టెన్లు ఉన్నారని అందులో ఉంది. ఒక నోటుపుస్తకం కొని, గొప్ప కెప్టెన్ లక్షణాలు అని పైన రాసి, ఎరుపు సిరాతో గీత గీసి, చూసినవీ చదివినవీ ఎక్కించడం మొదలుపెట్టాను.

చూడటానికి నా ఎదుటే ఒక కెప్టెన్ ఉన్నాడు. పాత రేవు పేట మత్రా వైపు బలూచీ కుటుంబంలో పుట్టిన ఒమనీ. చలిదేశంలో చదువుకొని, అక్కడే ఒక చిన్న ఊరి జట్టులో నాలుగు చలికాలాలు జీతానికి ఆడి, ముందు పళ్ళు రెండు అక్కడే వదిలేసి వచ్చినవాడు. మాతో హిందీలో మాట్లాడేవాడు. అతని జట్టులో ఎక్కువమంది ఇక్కడి పిల్లలే, వాళ్ళలో అతని చిన్నాన్న కొడుకు ఒకడు. ఈ కెప్టెన్‌కు ఒక అలవాటుండేది. ఆటలో మూడు భాగాలుంటాయి. ఒక్కొక్క భాగం మొదలయ్యే ముందు అతను ఒక్కడే రింకు అంచు వెంబడి ఒక చుట్టు తిరుగుతూ, చుట్టూ ఉన్న చెక్క గోడను కర్రతో టక్కుటక్కున కొడుతూ, అక్కడక్కడా భుజంతో గుద్దుతూ పోయేవాడు. ఎదుటి జట్టును బెదిరించడానికి ఇలా చేయును అని నా పుస్తకంలో మూడో లక్షణంగా రాసుకున్నాను.

ఆ శుక్రవారం సాయంత్రం ఎదుటి జట్టు ఇక్కడి కంపెనీలలో పనిచేసే విదేశీ ఇంజనీర్లది. వాళ్ళలో బీరువా అంత మనిషి ఒకడుండేవాడు. మొదటి పది నిమిషాల్లోనే అతని భుజం తగిలి మనవాడొకడి పెదవి చీలింది. దానికి బదులు కర్ర మడమతో, అంటే కింద వంపు తిరిగే చోటుతో, అతని కనుబొమ పగలగొట్టారు. రెండో భాగంలో ఇద్దరు చేతి తొడుగులు విసిరేసి, ఒకరి చొక్కా ఒకరు నెత్తిమీదికి లాగి, పిడికిళ్ళతో ఎముక మీద ఎముక తగిలే చప్పుడయ్యేలా కొట్టుకున్నారు. గ్యాలరీలో జనం లేచి గోడ మీది అద్దాలు బాదారు. ఒక పన్ను జారుకుంటూ వచ్చి నా గేటు దగ్గర ఆగింది.

గేటంటే బండి లోపలికి పోయే రెండు రెక్కల తలుపు. మూసి, ఇనుప గడియ పైనుంచి కిందికి పడేస్తే గోడలో కలిసిపోతుంది. రెండో విరామంలో బండి తిప్పి బయట పెట్టాక, గేటు ముందున్న నెత్తుటి మరక మిగిలిపోయింది. పారతో చెక్కి, ముక్కలు బకెట్లోకి ఎత్తి, గుంటలో నీళ్ళు పోసి చదును చేసేసరికి విజిల్ వేశారు. ఒక చేత్తో బకెట్, ఒక చేత్తో పార. గేటును నడుముతో నెట్టి మూశాను. బకెట్ దింపి వచ్చి గడియ వేద్దామనుకున్నాను. దింపాను కూడా. అంతలో లోపల కెప్టెన్ ఎప్పుడూ తిరిగే చుట్టు తిరగకుండా రిఫరీ ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకొని, ఎవరికో పడిన శిక్ష గురించి నెమ్మదిగా అడుగుతున్నాడు. పుస్తకంలో చదివింది కళ్ళెదుట జరుగుతుంటే నేను ఆగలేకపోయాను. జేబులోంచి నోటుపుస్తకం తీసి నాలుగో లక్షణం రాయడం మొదలుపెట్టాను.

కిందినుంచి బావ రెండు టీ గ్లాసులతో మెట్లెక్కి వచ్చి, వాటిని గేటు పక్కన పెట్టి, నన్ను చూసి నవ్వాడు.

“ఏం బావా, డ్యూటీలో కూడా పరీక్షలు రాసేత్తన్నావా? ఐయ్యేఎస్సా, గ్రూపు వన్నా?”

“ఉండు, ఒక్క ముక్క.”

“నీ ముక్క తగలెయ్య. టీ చల్లారిపోతంది.”

ఆ ఒక్క ముక్క పూర్తికాలేదు. కెప్టెన్ చిన్నాన్న కొడుకు బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ వెంట మా వైపు వచ్చాడు, బీరువా మనిషి పక్కనుంచి వచ్చి భుజానికి భుజం ఆనించి గట్టిగా గుద్దాడు. ఆటలో ఒప్పుకొనే గుద్దే అది. గోడ ఉంటే వీపు తగిలి ఆగిపోయేవాడు. గోడ తెరుచుకుంది. రెక్క విసురుగా వచ్చి మా టీ గ్లాసుల్ని పగలగొట్టింది, ఆ పిల్లాడు గాల్లో వెనక్కి వచ్చి సిమెంటు మీద భుజం, మెడ కలిపి పడ్డాడు. కట్టెపుల్ల విరిగినట్టు చప్పుడైంది. వాడు గాలి పీల్చుకోవడానికి నోరు తెరిచి అలాగే ఉన్నాడు.

తర్వాత జరిగింది ఆట కాదు. ఇటువైపు జట్టంతా ఆ విదేశీయుడి మీద పడింది. అతను రెండు చేతులూ ఎత్తి గేటు వైపు చూపిస్తూ ఏదో చెబుతున్నాడు, ఎవరూ వినలేదు. హెల్మెట్ లాగేశారు. కర్ర మడమ ఒకటి నోట్లో దిగింది. మోకాళ్ళ మీద కూలబడితే చెవి మీద, మెడ మీద కొట్టారు. ఎవరిదో స్కేటు అతని వేళ్ళ మీదుగా పోయింది. నేను గేటు దగ్గర, వేలాడుతున్న గడియకు రెండడుగుల దూరంలో ఉన్నాను. తెలుపు ఎరుపవుతుంటే చూస్తున్నాను. గడియ వేయలేదు, తప్పు నాది అని నాకొచ్చిన మూడు భాషల్లో ఏ భాషలో అరిచినా సరిపోయేది. నోటుపుస్తకం తెరిచి పట్టుకొని అక్కడే నిలబడ్డాను. బావ గడియ వంక చూశాడు, నా వంక చూశాడు, దగ్గరికి వచ్చి చెవిలో అన్నాడు.

“నోరు మెదపకు. నీకు తెలీదు, నాకు తెలీదు. కేసైతే మనం లోపలుంటాం, ఆడోళ్ళు అక్కడుంటారు.”

కెప్టెన్ ముందు తమ్ముడి దగ్గరికే వచ్చాడు. మోకరిల్లి, ఎవరూ కదిలించవద్దని చెయ్యి అడ్డుపెట్టి, వాడి వేళ్ళు కదులుతున్నాయో లేదో చూశాడు. రింకులోని ఫిలిప్పీన్స్ నర్సమ్మ వచ్చాక లేచాడు. అప్పుడు గేటు చూశాడు. గడియను ఒక వేలితో పైకెత్తి వదిలాడు, అది ఖాళీలో ఊగింది. నా వైపు తిరిగాడు, నా చేతిలో తెరిచి ఉన్న నోటుపుస్తకం చూశాడు.

“బంద్ కియా థా?”

మూశాను, గడియ మాత్రం వేయలేదని చెప్పాను. ఆ నిజం అడిగితే గాని నా నోట రాలేదు. కెప్టెన్ నన్ను తిట్టలేదు. వెనక్కి తిరిగి పరుగున గుంపులోకి దూరి, ఎవర్నీ కొట్టకుండా, కింద పడి ఉన్న ఆ పెద్దమనిషి మీద తన ఒళ్ళంతా పరిచి బోర్లా పడుకున్నాడు. తమ్ముణ్ణి పడేశాడని తను కూడా కొట్టవలసినవాడు అతనికి పైకప్పు అయ్యాడు. చూసుకోకుండా కొట్టిన రెండు దెబ్బలు సొంత జట్టు కర్రలవే అతని వీపున పడ్డాయి. మూడోది ఎత్తినవాడు ఆ చొక్కా మీది అంకె చూసి ఆగిపోయాడు. కెప్టెన్ లేచి, రిఫరీని భుజం పట్టి గేటు దాకా నడిపించి, గుద్దులో తప్పు లేదని, తలుపు తెరిచి ఉందని చూపించాడు. ఆ మాట గ్యాలరీ దాకా వినిపించలేదు. అందుకే ఆ అబద్ధం ఇంకా బతికి ఉంది.

మరునాడు ఆఫీసులో మేనేజరు నా పాస్‌పోర్టు బల్ల మీద పెట్టుకొని, ఎల్లుండి ఫ్లైటు అన్నాడు. కెప్టెన్ వీపు ఆనించలేక నిలబడే మాట్లాడాడు. రిపోర్టులో ఇద్దరి పేర్లూ రాయండి, ప్రతి భాగానికీ ముందు తలుపులన్నీ తట్టి చూసేది నేను, నిన్న చూడలేదు అన్నాడు. కర్ర చప్పుడుకు అర్థం నాకు ఆ గదిలో తెలిసింది. ఇద్దరి పేర్లూ రాశారు. ఒక పేరున్నవాడు ఈ దేశస్థుడు, అతణ్ణి పంపలేక రెండో పేరున్న నన్నూ ఉంచారు. ఏడాదంతా బండి ముట్టుకోకుండా కింద కంప్రెసర్ల దగ్గర పనిచేశాను.

ఆరోజు ఆఫీసులోంచి బయటికి వచ్చాక, బెదిరించడానికి గోడ కొడుతున్నావనుకొని రాసుకున్నానని అతనికి చెప్పాను. నవ్వబోయి, వీపు పట్టుకొని ఆగాడు.

“అరె భాయ్, డర్ తో ముఝే లగ్తా హై.”

భయం తనకేనట. చలిదేశంలో ఇలాగే తెరిచి ఉన్న తలుపులోంచి ఒకడు విసురుగా వెళ్ళి పడిపోవడం చూశాడట. ఆ రాత్రి రూమ్‌కు వెళ్ళి నా లక్షణాల పట్టికంతా కొట్టేశాను.

పిల్లాడి మెడ దక్కింది. భుజం విరిగి, ఎడమ చెయ్యి మళ్ళీ తలదాకా లేవలేదు, ఆట పోయింది. ఆ విదేశీయుడి దవడ రెండుచోట్ల విరిగిందని, మూడు వారాలకు తన దేశం వెళ్ళిపోయాడని విన్నాను. అతని నెత్తురు చెక్కి తీసింది నేనే. గులాబీ రంగు ముక్కలు రెండు బకెట్లయ్యాయి. వెనక గోడ పక్కన ఎండలో పారబోస్తే, నేను తలుపు దాకా నడిచేలోపల నీరై ఇంకిపోయాయి.

ఇప్పుడు అన్ని తలుపులకూ బుల్లి దీపాలున్నాయి, మూసుకోకపోతే ఎర్రగా వెలుగుతాయి, మా వర్క్‌షాపులో కూడా. దీపాన్ని నమ్ముకొని ఎవరూ తట్టి చూడరు. ఆరిపోతే దీపానిది తప్పు అంటారు. క్లాసు అయిన మర్నాడు పద్నాలుగుమందినీ నిలబెట్టి, ఆ వాల్వు సాయంత్రం తట్టి చూడవలసింది ఫోర్‌మన్, చూడలేదు, రిపోర్టులో ముందు నా పేరు రాశాను అన్నాను. అప్పుడు వెనక వరసలోంచి ఒకడు ముందుకొచ్చాడు.

ఇక కృతజ్ఞతలు. పుస్తకం తెచ్చిచ్చిన పిన్నిగారు రాఘవమ్మగారికి, నోరు మెదపవద్దన్నా ఆ ఏడాదంతా నాకు అన్నం వండిపెట్టిన బావ ఆనందరావుకు, పిల్లాడి మెడ కదలకుండా గంటసేపు చేతుల్లో పట్టుకొన్న నర్సు మారిసెల్‌కు, ఈ కాగితాలు చదివి ఇంతకాలం నాకెందుకు చెప్పలేదని అడిగిన నా భార్య సత్యవేణికి, తర్వాత కుడిచేత్తో నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చిన కెప్టెన్ తమ్ముడు సాలిమ్‌కు, కెప్టెన్ యూసుఫ్‌కు.

ఇంకొకరికి క్షమాపణ చెప్పాలి. గేటు వైపు చేతులెత్తి చూపించిన ఆ మనిషి పేరు నేను ఆరోజు అడగలేదు, తర్వాత ఎవర్ని అడిగినా తెలియదన్నారు.