రికార్డులో వెర్లీన్ అక్క

షికాగోలో నల్లవాళ్లుండే సౌత్ సైడ్‌లో హోసియా క్లబ్బుకి వచ్చేవాళ్లందరికీ వెర్లీన్ అక్క తెలుసు. గుమ్మం పక్క చిన్న గూట్లో నిలబడి కోట్లు, టోపీలు అందుకుని కొక్కేలకు తగిలించడం ఆమె పని. వారమంతా లాండ్రీలో ఇస్త్రీ, ఆదివారం పొద్దున చర్చి, మధ్యాహ్నం క్లబ్బు. చర్చిలో పాస్టరు ఒకమాట అంటే జనం తిరిగి ఒకమాట అంటారు. ఆ అలవాటును ఆమె చర్చి మెట్ల దగ్గర వదిలేసి వచ్చే రకం కాదు. స్టేజి మీద తమ్ముడు రోజెల్ శాక్సఫోన్ వాయిస్తూ ఊపిరి కోసం ఆగితే చాలు, గూట్లోంచి గొంతు లేచేది.

"చెప్పరా తమ్ముడూ, చెప్పు!"

ఇక హాలంతా అందుకునేది.

తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆమే. చర్చిలో మూలపడి ఉన్న శాక్సఫోన్‌ను పాస్టరు ప్రాణం తీసి మరీ తెచ్చి వాడి చేతికిచ్చిందీ ఆమే. పెద్దయ్యాక రోజెల్ ఉక్కు ఫ్యాక్టరీలో చేరాడు, ఆదివారాలు వాయించేవాడు. స్టూడియోలో చేసిన మొదటి రికార్డును ఎవరూ పట్టించుకోలేదు. "జనం ముందు నువ్వు వేరే మనిషివి. ఈసారి క్లబ్బులోనే రికార్డు చేద్దాం. ఇదీ తేలిపోతే మాత్రం ఇక నావల్ల కాదు," అన్నాడు కంపెనీ మనిషి కెస్లర్.

ఆ ఆదివారం మైకులు దిగాయి. రోజెల్ గూటి దగ్గరికొచ్చి చేతులు నలుపుకున్నాడు.

"అక్కా, నీకు దండం పెడతా. ఈ ఒక్కపూట నోరు విప్పకు."

"నా నోరు నీకెప్పుడు అడ్డమొచ్చిందిరా?"

"అడ్డమని కాదక్కా. ఇది రికార్డు. రేపు ఎవరెవరో పెద్దమనుషులు వింటారు."

ఆమె ప్రాణం చివుక్కుమంది. అయినా సరేనంది.

క్లబ్బు యజమాని హోసియా ఇంకో రెండాకులు ఎక్కువే చదివాడు. గంట మోగకుండా గల్లాపెట్టె మీద తువ్వాలు కప్పాడు, చేపలు వేయించడం మాన్పించాడు, లోపలికొచ్చే ప్రతివాడికీ కిక్కురుమనొద్దని చెప్పాడు. జనం కూడా తక్కువ తిన్నారా! ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకొచ్చి, ఫోటో దిగుతున్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. మొదటి సగం అలాగే గడిచింది. ఒక్క స్వరం తప్పలేదు, ఒక్కదానిలోనూ జీవం లేదు. కెస్లర్ చెవుల మీది డిప్పలు తీసి పక్కన పెట్టాడు.

"బానే ఉంది. దీనికి స్టూడియో సరిపోయేది," అన్నాడు.

విరామంలో రోజెల్ చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఏంటోనక్కా, గోడలకి వాయిస్తున్నట్టుంది."

"గోడల్ని చేసింది నువ్వే కదరా!"

వాడికి వినిపించిందో లేదో, తల పట్టుకుని వెళ్లిపోయాడు. నోరు విప్పమని మాత్రం అనలేదు. మాట ఇచ్చాక తప్పుతుందా, ఆమె నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది.

రెండో సగంలో అమ్మ కోసం కట్టిన నెమ్మది పాట మొదలైంది. నడుమ రోజెల్ ఆగాడు. ఏళ్ల తరబడి అక్క గొంతు లేచే చోటది, వాడికి తెలియకుండానే పాటలో ఆమెకంటూ కాస్త జాగా మిగిల్చుకున్నాడు. ఎవరూ పలకలేదు. రోజెల్ ఆ ముక్కే మళ్లీ వాయించి మళ్లీ ఆగాడు. ఈసారి తలెత్తి గూటి వైపు చూశాడు. తల్లి పోయిన రోజు వంటింటి గుమ్మంలో నిలబడి చూసిన చూపే అది. ఇక ఆమెకి మాట గుర్తుంటుందా, రికార్డు గుర్తుంటుందా!

"చెప్పరా తమ్ముడూ! నేనున్నాగా, చెప్పు!"

హాలు పెళ్లున నవ్వింది, అరిచింది, బల్లలు చరిచింది. హోసియా తానే తువ్వాలు లాగి గాల్లో తిప్పాడు. రోజెల్ ఏడుస్తూనే వాయించాడు, ఎన్నడూ వాయించనంత బాగా వాయించాడు.

అంతా అయ్యాక ఆమెకి భయం పట్టుకుంది. కెస్లర్ దగ్గరికి వెళ్లింది. "బాబూ, నా అరుపు చెరిపెయ్యొచ్చా?"

"అది చెరిపితే ఇంక మిగిలేదేముందమ్మా?" అన్నాడాయన.

ఆ రికార్డు రోజెల్ చేత ఫ్యాక్టరీ మాన్పించింది. జుట్టు దువ్వించుకునే షాపులో ఆడవాళ్లు వెర్లీన్ అక్కని ఆటపట్టించేవాళ్లు. "రికార్డులో కాస్త మెల్లగా అరవొచ్చుగా అక్కా, మా ఆయన ఉలిక్కిపడి కాఫీ ఒలకబోసుకున్నాడు!"

కొన్నేళ్లకి రోజెల్ ఆమెను శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకెళ్లాడు. పెద్ద హాలు, నిండా జుట్టు పెంచుకున్న కుర్రకారు. అంతదాకా గిటార్ల రాక్ మోతకి గెంతినవాళ్లే అమ్మ పాట రాగానే నేలమీద కూర్చున్నారు. ఆ జాగా వచ్చింది. ముందు వరసలో వెర్లీన్ అక్క నోరు తెరిచేలోపే హాలంతా ఆమె యాసలోనే అరిచింది.

"చెప్పరా తమ్ముడూ!"

ఆమె గుండె నిండిపోయింది. వెంటనే ఒళ్లు మండింది కూడా. "నా మాట నన్ను అననివ్వరేం!"

రోజెల్ చూశాడు, నవ్వాడు. చెయ్యెత్తి డ్రమ్ములు ఆపించాడు. ఆ ముక్క ఇంకోసారి వాయించి ఆగి, అంత హాలుకీ పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు.

అందరూ నోరు మూసుకున్నారు. వెర్లీన్ అక్క టోపీ సర్దుకుని లేచి నిలబడింది.