అడగకుండా వేసిన సున్నా

కొవిడ్‌కు రెండేళ్ల ముందు, ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో నేను చరిత్ర చెప్పే స్కూల్లో ఎ-లెవెల్, అంటే మన ఇంటర్ లాంటి చదువు, కోర్సువర్క్ బాధ్యత నాకు అప్పగించారు. కోర్సువర్క్ అంటే విద్యార్థి సొంతంగా రాసే పెద్ద వ్యాసం. అది ఆ విద్యార్థి రాసిందేనని టీచరు సంతకం పెడితేనే మార్కులు, లేకపోతే సున్నా.

ఆ ఏడు సింధూజ అనే అమ్మాయి ఒక వ్యాసం ఇచ్చింది. ఫ్రాన్సు నుంచి దండెత్తిన నార్మన్ల రాకతో మూడు వందల ఏళ్లు ఫ్రెంచి కింద అణిగి ఉన్న ఇంగ్లీషు మళ్లీ దేశభాష ఎలా అయిందన్నది విషయం. ఫ్రాన్సుతో యుద్ధాలే ముఖ్య కారణమని నేను చెప్పిన పాఠం. ఆమె దాన్ని వెనక్కి నెట్టింది. దొరల పిల్లలను పెంచిన ఇంగ్లీషు దాదులు, కోర్టులో తమ మీద ఏం వాదిస్తున్నారో అర్థంకాని మామూలు జనం, వీళ్లే ఆ భాషను గెలిపించారంది. వాదనలు ఇంగ్లీషులో జరగాలన్న పద్నాలుగో శతాబ్దపు చట్టాన్ని కూడా ఫ్రెంచిలోనే రాశారని ఎత్తిపొడిచింది.

పదిహేడేళ్ల పిల్ల సొంతంగా ఇలా రాయగలగడం అసాధ్యమని, ఎక్కడో కాపీ కొట్టిందని అన్నాను. నా అసలు భయం వేరు. వాళ్లదీ మాదీ కాకినాడే. ఉగాదికి ఒకే హాల్లో భోంచేసేవాళ్లం. మంచి మార్కులు వేస్తే స్టాఫ్‌రూమ్‌లో ఏమంటారోనని జంకాను. అనుమానం వస్తే ముందు విద్యార్థిని పిలిచి ప్రశ్నించాలన్నది నియమం. నేను పిలవలేదు, సంతకమూ పెట్టలేదు. మా విభాగం హెడ్ ఒక్క ప్రశ్న వేయకుండా సరేనన్నాడు.

ఆగస్టులో ఫలితాలొచ్చాయి. న్యూకాసిల్‌లో ఆమెకు రావలసిన యూనివర్సిటీ సీటు పోయింది.

వాళ్లమ్మ చిత్తుప్రతుల సంచి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "మనోళ్ల సారున్నారని మురిసిపోయామండీ. ఇంకెవరైనా అయితే పిల్లని ఓసారి పిలిచి అడిగుండేవోరు."

ఆమె వెంట వచ్చిన, స్కూల్లో ఎప్పుడూ సర్ అనే సింధూజ, "యూ కుడ్ హావ్ జస్ట్ ఆస్క్‌డ్ మీ, అంకుల్" అంది.

ఆ కాగితాలు చూడటానికి ఇరవై నిమిషాలు చాలాయి. ప్రతి మాటా ఆమెదే. పరీక్షా బోర్డుకు నిజం రాస్తానంటే స్కూలు పరువు పోతుందన్నాడు హెడ్. నోరు మూసుకున్నాను.

నిరుడు యాభై ఆరో ఏట ముందస్తు రిటైర్మెంట్ తీసుకున్నాను. వీడ్కోలు సభలో అదే హెడ్, నేను నా సొంతవాళ్ల పిల్ల కాపీ కొట్టినా వదల్లేదని పొగిడాడు. చప్పట్లు కొట్టారు. ఒళ్లు మండిపోయింది. ఆమె కాపీ కొట్టలేదు. ఆ అబద్ధం ఆయన నోట పలికినా, పుట్టించింది నేనే.

నిష్పక్షపాతమని నేను చెప్పుకున్నది పిరికితనం. వ్యాసం మీద అనుమానం వస్తే రాసినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి అడగాలి. మిగతా విద్యార్థులందరి విషయంలో నేను అలాగే చేశాను.