సిల్వర్ అతకడం నేర్పిన మా వెల్డింగ్ సార్

బుధవారం పొద్దున పదిన్నరకు ఫోన్ వచ్చింది. మాట్లాడింది మా వెల్డింగ్ సార్ కూతురు. "అక్కా, బాపు పోయిండు," అంది. ఎక్కడికి పోయారని అడిగాను. మరునాడు ఆయన బోధన్ నుంచి హైదరాబాద్‌కు, నేను పనిచేసే ల్యాబుకు రావాల్సి ఉంది. ఒకరోజు ముందే బయలుదేరారేమో అనుకున్నాను. ఆ పిల్ల ఏడ్చింది. అప్పుడు అర్థమైంది నాకు.

స్నానం చేసి వచ్చి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ మంచం మీద కూర్చున్నారట. మళ్లీ లేవలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. మంగళవారం సాయంత్రమే నాతో మాట్లాడారు. "మీ లేజరు కాడ కూసునేతందుకు కుర్చీ ఉంటదా బిడ్డా? మోకాళ్లు సతాయిస్తున్నయి," అన్నారు. ఉంటుందన్నాను. అంత మామూలు మాట అడిగిన మనిషి తెల్లారేసరికి లేకపోవడం ఏమిటో, ఈ అక్షరాలు రాస్తున్నప్పుడు కూడా నాకు మింగుడుపడటం లేదు.

ఎనభైల చివర్లో నేను నిజామాబాద్‌లో ఐటీఐ వెల్డింగ్ కోర్సులో చేరాను. తరగతి మొత్తంలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మూడో రోజు నా కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతుంటే బీడీలు చుడుతున్న మా అమ్మ చూసి, "ఇగ బంద్ జెయ్," అంది. వారం రోజులు వెళ్లలేదు. ఒక సాయంత్రం సార్ మా గుమ్మం ముందు నిలబడ్డారు.

"అక్కా, పిల్లను ఎందుకు తోల్త లేరు?"

"కండ్లు పోతె దాన్నెవరు సూస్తరు సారూ? ఆడపిల్లకు గా మంటల పనేంది?"

సార్ వాదించలేదు. "రేపు మీరే వచ్చి సూడుండ్రి. సూసినంక గూడ వద్దంటె నేను మళ్ల అడుగ," అన్నారు.

మరునాడు అమ్మ బీడీల చాట పక్కన పెట్టి నాతో వచ్చింది. సార్ తన నల్లద్దం తొడుగు ఆమె చేతికిచ్చి, ముఖానికి ఎలా అడ్డం పెట్టుకోవాలో చూపించి, మంట వెలిగించారు. ఆయన ఆపేదాకా అమ్మ కదల్లేదు. "సూర్యున్ని దగ్గర్కెల్లి సూసినట్టున్నది," అంది. వెంటనే నా వైపు తిరిగింది. "ఇంత మంచిగ అద్దం ఉండంగ, అది పెట్టుకోకుండ ఎందుకు సూసినవే?" అని అందరి ముందూ నన్నే తిట్టింది. సార్ నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగారు. నా చదువు నిలబడింది అలా.

ఆయనకొక అలవాటు ఉండేది. ఏది చేతికిచ్చినా ముందు తిరగేసి వెనకవైపు చూసేవారు. అతికిన రేకునే కాదు, నా పెళ్లి పత్రికను కూడా మొదట అలాగే తిరగేశారు. "ముంగట అందరు నున్నగనే చేస్తరు. వెనుక సూడాలె," అనేవారు. ఇనుము పని అయ్యాక శనివారాల్లో అల్యూమినియం నేర్పేవారు. మా దగ్గర దాన్ని సిల్వర్ అంటారు. పాలవాళ్లు తెచ్చే పగిలిన క్యాన్లే మాకు పాఠాలు.

"ఇనుము ఎర్రగయ్యి చెప్తది. సిల్వర్ చెప్పది. ఉన్నట్టుండి జారిపోతది. కన్ను పక్కకు తియ్యొద్దు," అన్నారు మొదటిరోజే. నేను తీశాను. జక్రాన్‌పల్లి నుంచి వచ్చిన ఒక పాలాయన క్యానుకు వేలంత చీలిక ఉండేది, నా చేతిలో అది పిడికిలంత రంధ్రమైంది. ఆయన కేకలు వేస్తుంటే సార్ ముందుకొచ్చి, "తప్పు నాది. నేను పక్కనుండి సూడలె," అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత నెల రోజులు, ప్రతి సాయంత్రం రేకు ముక్కలు అతికించి, వాటిని నాతోనే రంపంతో కోయించి, లోపల బుడగలు లెక్కపెట్టించారు.

అదే పని నాకు బతుకైంది. హైదరాబాద్‌లో విమాన భాగాల మీద పరిశోధన చేసే ఒక ల్యాబులో టెక్నీషియన్‌గా చేరాను. విమానంలో రేకులను మేకుల్లాంటి రివెట్లతో, వేలకొద్దీ పెట్టి కలుపుతారు. వాటి బదులు తేలికపాటి అల్యూమినియం రేకులను లేజర్‌తో నేరుగా అతికితే బరువు తగ్గుతుంది. దారమంత సన్నటి కిరణం, కంటికి కనిపించదు, క్షణంలో అతికేస్తుంది. పైనుంచి చూస్తే అతుకు అద్దంలా ఉండేది. ఎక్స్‌రే తీస్తే లోపలంతా నల్లటి చుక్కలు. అవన్నీ బుడగలు. అలాంటి అతుకు గాల్లో పగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కిరణం బలం మార్చాం, వేగం మార్చాం, చుక్కలు పోలేదు. ఈ పని మూసేస్తారన్న మాట కూడా వినబడింది.

ఒక ఆదివారం ఫోన్లో సార్‌తో ఆ గోడు చెప్పుకున్నాను. అంతా విని ఒక్కటే అడిగారు. "రేకు గీకినంక ఎంతసేపటికి అతుకుతున్రు?"

"ముందురోజు సాయంత్రం శుభ్రం చేసి పెడుతున్నం సార్."

"నిన్న గీకింది ఇయ్యాలటికి పాతదే బిడ్డా. గాలికి మళ్ల పొర వడ్తది. అది తేమ గుంజుకుంటది. కరిగినప్పుడు గా తేమే బుడగ. అతికే ముంగట గీకుండ్రి, చెయ్యి తాకనియ్యకుండ్రి. నాకు లేజరు తెల్వది గని, సిల్వర్ తెల్సు."

సోమవారం మా ఆఫీసరుకు చెప్పాను. పుస్తకంలో ఉన్న సంగతేనని ఆయన తల పట్టుకున్నారు. పనుల తొందరలో అందరం దాటేసిన సంగతి. శుభ్రం చేసిన వెంటనే అతికాం. చుక్కలు పూర్తిగా పోలేదు, కానీ అక్కడొకటి ఇక్కడొకటి మిగిలాయి. పని ఆగలేదు. ఆఫీసరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టుకుని, "మీ సార్‌ను ఒకసారి పిలిపించండి, మా ల్యాబు కుర్రాళ్లతో మాట్లాడాలి," అన్నారు. గురువారానికి అనుమతి దొరికింది. నేను సార్‌కు ఫోన్ చేసి చెప్పాను. "గంత పెద్దోళ్ల నడుమ నేనేం చెప్పాలె?" అన్నారు. ఆ గొంతులో సంతోషం దాగలేదు.

బోధన్ చేరేసరికి నాలుగైంది. అంత నిశ్చలంగా ఆయనను నేనెప్పుడూ చూడలేదు. చితి అంటుకున్నాక కూడా, ఎవరో పొరపాటుపడ్డారని, ఇప్పుడే ఎవరైనా వచ్చి చెబుతారని చూస్తూ నిలబడ్డాను.

తిరిగి బస్టాండుకు నడుస్తుంటే రోడ్డు నిండా చెరకు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. దారి పక్కన సార్ దగ్గర పని నేర్చుకున్నవాళ్ల వెల్డింగ్ షాపులన్నీ మూసి ఉన్నాయి. ఒక్కదాంట్లో మాత్రం నీలి వెలుగు. ఒకతను చెరకు బండి ఇరుసుకు అతుకు వేస్తున్నాడు. ఐటీఐలో నాకంటే ముందు బ్యాచ్ అన్న. పొద్దుటి నుంచి ఊళ్లో లేడట.

"అన్నా, సార్ సంగతి తెల్వదా?"

"ఏమైంది? నిన్న పొద్దుగాలనే ఈడ ఛాయ్ తాగి పోయిండు. హైదరాబాద్ పోతున్న అని నవ్వుకుంట చెప్పిండు."

చెప్పాను. అతను ఎవరూ అడగకుండానే కిందికి వంగి, అప్పుడే వేసిన అతుకు వెనకవైపు చూసి, దాని మీద చెయ్యి పెట్టబోయి, వేడికి వెనక్కి తీసుకున్నాడు. వెనకాల ట్రాక్టరువాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. అన్న లేవలేదు.