అడుగునే ఉండిపోయిన గుడ్లు

ప్రయోగశాలలో ఆవిణ్ణి అందరూ పాములమ్మ అంటారు. ఆవిడ చూసుకునేవి నాగుపాములేం కావు, వట్టి వానపాములు. విషం కలిసిందేమోనని అనుమానం ఉన్న మట్టి ఎవరు తెచ్చినా సీసాల్లో నింపి, వానపాముల్ని వదిలి, అవి అందులో ఎలా బతుకుతాయో చూడటం ఆవిడ ఉద్యోగం. మేత వేస్తూ "తినండమ్మా, మొహమాటపడకండి" అంటుంది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, ఇంత సంసారం ఈదుతుంటే ఇంకొకటి కూడానా అని ఎదురడుగుతుంది.

ఆవిడ అన్నయ్య రిటైరయ్యాక, మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీ వెనక కాస్త స్థలం కొన్నాడు. కడుపుతో ఉన్న కూతురికి తన చేత్తో పండించిన ఆకుకూర పెట్టాలని ఆయన ముచ్చట. ఓ బకెట్టు మట్టి తెచ్చి చెల్లెలి ముందు పెట్టాడు.

మొదటి విడతలో చూస్తే, పెద్ద వానపాములన్నీ నిగనిగలాడుతూ మెలికలు తిరుగుతున్నాయి. అప్పటికి పరీక్ష సగమే అయినట్టు. వాటిని తీసేసి, అవి పెట్టిన గుడ్లు అదే మట్టిలో పిల్లలవుతాయో లేదో చూడాలి. కొత్తగా చేరినవాళ్లకి ఆ సంగతి నూరిపోసేది ఆవిడే. కానీ అన్నయ్య దగ్గరికొచ్చేసరికి ఆ నోరు ఆగుతుందా? వెంటనే ఫోన్ చేసేసింది.

"నీ మట్టి బంగారం అన్నయ్యా! విత్తనాలు చల్లేసుకో."

ఆయన మోకాళ్ల నొప్పులు కూడా మర్చిపోయి మడులు కట్టాడు.

రెండో విడత వచ్చింది. మట్టిని జల్లెడలో కడిగి, ఆవగింజల్లాంటి గుడ్లని ఏరి నీళ్లలో వేసింది. పిల్ల బయటికి వచ్చేస్తే గుడ్డు డొల్లయి పైకి తేలుతుంది. పోల్చి చూడటానికి పక్కన పెట్టుకున్న మంచి మట్టిలోవి తేలాయి. అన్నయ్య మట్టిలోవి ఒక్కటీ తేలలేదు. చెంచాతో కదిపి చూసింది. కాసేపు తిరిగి మళ్లీ అడుక్కే చేరాయి. ఆ నీళ్లని గుడ్లతో సహా సీసాలో పోసుకుని తిన్నగా అన్నయ్య తోటకి వెళ్లింది.

మేనకోడలు మడి పక్కన కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. "అత్తా, నీ పిల్లలు బాగున్నారా?" అంది ఎప్పటిలాగే. ఆవిడ చేతిలో సీసా వైపు చూసుకుంది.

"సరిగ్గా సమయానికొచ్చావే! రేపే మొదటి కోత," అన్నాడు అన్నయ్య.

"వద్దన్నయ్యా. తొందరపడి చెప్పాను. ఆ ఆకు తినకూడదు."

"అన్నీ బాగున్నాయన్నావుగా?"

"పెద్దవి బాగానే ఉన్నాయి. పిల్లలే పుట్టలేదు."

ఆయన సీసా అందుకుని కదిపి చూశాడు. కూతురి వైపు చూశాడు. తిడతాడనుకుంది చెల్లెలు, తిట్టినా బాగుండుననుకుంది. ఆయన సీసా పక్కన పెట్టి, మోకాళ్ల మీద వంగి, పచ్చగా ఎదిగిన మొక్కల్ని వేళ్లతో సహా పీకడం మొదలుపెట్టాడు. ఆవిడకి దుఃఖం ఆగలేదు.

"ఏడుపెందుకే పిచ్చిమొహమా," అన్నాడు తలెత్తకుండా. "ఆ చివరి వరస నువ్వు పట్టు."