ఒక వాన చూసి పగలగొట్టు

ఈ ఉదయం మిద్దె మీద చౌడు పరుస్తుంటే అరచేతి పగుళ్ళలోకి మట్టి దిగి చురుక్కుమంది. చౌడంటే తెలియనివాళ్ళకు చెప్తాను. ఊరి బయట ఏ పంటా పండని నేలలో తెల్లగా తేలే ఉప్పు మట్టి అది. దేనికీ పనికిరాని ఆ మట్టే మా పెనుకొండ పాత మట్టి కప్పు మిద్దెలకు గొడుగు. వానలకు ముందు ఏటా పలచగా పరిస్తే, తడిసి బిగుసుకుని చుక్క నీటిని కూడా కిందికి దిగనివ్వదు. ఎనిమిదో తరగతిలో బడి వదిలేసినప్పుడు మా సార్లు నన్ను కూడా దేనికీ పనికిరాడనే అన్నారు కాబట్టి, చౌడుకూ నాకూ కాస్త చుట్టరికం ఉందనే అనుకుంటాను. చేయి మండగానే అలవాటుగా పక్క మిద్దె వైపు చూశాను. "గంపెత్తి అట్ల కుమ్మరిస్తారా ఎవరైనా? పిండి చల్లినట్ల చల్లల్లప్పా" అనే తిట్టు వినబడుతుందని. వినబడలేదు. హుసేనమ్మ అవ్వ పోయి రెండేళ్ళయింది.

నేను హిందూపురం నుంచి ధర్మవరానికి పట్టునూలు మోసే గూడ్సు ఆటో నడుపుతాను. అప్పట్లో పెనుకొండ నాకు దారిలో టీ తాగే ఊరు, అంతే. కాపురం హిందూపురంలో, అద్దె ఇళ్ళలో. అక్కడ గోడకు మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలి. నా భార్య రత్న నన్ను నగలు అడగలేదు, చీరలు అడగలేదు. ఎవరినీ అడగకుండా ఒక మేకు కొట్టుకునే గోడ అడిగింది. విన్నంతసేపూ చిన్న కోరికే అనిపించింది. తీరా హిందూపురంలో ధరలు విచారిస్తే మా దుడ్లకు స్నానాల గది వచ్చేట్టుంది, మిగతా ఇల్లు రాదు. అప్పుడు పెనుకొండ కోట కింది వీధిలో ఒక పాత మిద్దె ఉందని బ్రోకరు చెప్పాడు. మూరెడు మందం రాతి గోడలు, ఇద్దరు తోస్తే గానీ కదలని తలుపు, ధర మాత్రం మాకు అందేదే. ఇంత చౌకగా ఎందుకిస్తున్నారని అడిగితే గొంతు తగ్గించాడు. "దయ్యాలూ గియ్యాలూ ఏమీ లేవన్నా. పక్కింట్లో ఒక అవ్వ ఉండాది. కొనేకి వచ్చినోళ్ళందరినీ ఏదో ఒకటి అడిగి తరిమేస్తాది."

మేం వెళ్ళేసరికి ఆ అవ్వ తన గడప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. పిడికెడు మనిషి. తల మీద కొంగు, కొంగు కింద రెండు కళ్ళు, ఆ కళ్ళు నన్ను చెప్పుల దగ్గర మొదలుపెట్టి పైదాకా చదివాయి.

"ఏమప్పా, ఇల్లు చూసేకి వచ్చినావా?"

"లేదవ్వా, నిన్ను చూసేకి వచ్చినా. బజార్లో ఇంటికంటే నీ పేరే పెద్దగా ఉండాది."

"నోరు బాగానే ఉండాది. కాళ్ళు పనిచేస్తాయా? అయితే మిద్దె ఎక్కి రా. ఆ మిద్దె మీద నీళ్ళు యాటికి పోతాయో చూసి చెప్పు."

ఎక్కాను. పైన ఎండ, ఒక తొండ, ఎవరిదో తెగిన చెప్పు. రెండిళ్ళ మిద్దెలూ ఒకటే పరుపులా కలిసి ఉన్నాయి. ఒకప్పుడు అది ఒకే ఇల్లట, పంచుకున్నప్పుడు రెండయిందట. దిగివచ్చి, "అవ్వా, ఈ సీమలో నీళ్ళు పోయేది తర్వాతి మాట. ముందు రావల్ల కదా!" అన్నాను. అవ్వ నవ్వింది. నోట్లో ఉన్న రెండు పళ్ళూ కనిపించేంతగా నవ్వింది. "ముందొచ్చినోళ్ళు గదులు కొల్చినారు, తలుపులు తట్టినారు. మిద్దె ఎక్కమంటే ఎవురూ ఎక్కలే. నువ్వు సరిగ్గా చూడకపోయినా, ఎక్కినావు." నా జన్మలో పాసైన పరీక్షలు రెండు. మొదటిది డ్రైవింగ్ లైసెన్సుకు పెట్టింది, రెండోది ఇది.

రిజిస్ట్రేషన్ అయ్యాక కాగితాల్లో నాలుగు హద్దులూ చదివించుకుంటే, దక్షిణం హద్దు హుసేనమ్మ ఇల్లు అని ఉంది. "అవ్వా, సర్కారు కాగితంలో నువ్వే నా దక్షిణం దిక్కు" అని చెప్పాను. "దక్షిణం యమునిది కదప్పా. నాతో జాగ్రత్తగా ఉండు" అంది. ఇంట్లో చేరిన రోజు రత్న పాలు పొంగించకముందే మేకు పట్టుకుంది. రెండిళ్ళకూ మధ్యనున్న గోడకు మూడు దెబ్బలు కొట్టింది. గోడ అవతలి నుంచి టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు తిరిగొచ్చాయి. రత్న సుత్తి కింద పడేసింది. ఆ వెనకే అవ్వ గొంతు వీధి గుమ్మంలోంచి వచ్చింది: "చాల్లే తల్లీ! ఇంగ రెండేట్లు వేసినావంటే మీ చొక్కాలు మా ఇంట్లో తగిలించుకోవల్ల!"

నిజం చెప్పాలంటే, ఆ ఇంట్లో ఉండాలని నేను కొనలేదు. స్థలం కోసం కొన్నాను. పాతది పడగొట్టి, సిమెంటు స్లాబు వేసి, ముందు గ్రిల్లు పెట్టి, గ్రిల్లుకు నీలం రంగు వేయాలని అనుకున్నాను. రంగు కూడా అనుకున్నానంటే నా తొందర ఎంతో అర్థం చేసుకోండి. ఒక సాయంకాలం అవ్వకు ఆ మాట చెప్పాను. చింతగింజ తీస్తున్న వేళ్ళు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి.

"నీ ఇల్లు. నీ ఇష్టం. ఒక వాన చూసి పగలగొట్టు."

"ఒక వానే కదా, సరేలే అవ్వా" అన్నాను. ఏ సీమలో నిలబడి ఆ మాట అంటున్నానో మరిచిపోయాను. ఆ ఏడు మాకు వాన రాలేదు. మబ్బు ఆమడగూరు వైపు నల్లగా లేచేది, కదిరిలో కురిసిందని ఎవరో ఫోను చేసేవారు, మా కొండ దాకా వచ్చేసరికి దానికి ఏదో పని గుర్తొచ్చేది. "నీ వానకు పెనుకొండ అడ్రసు తెలుసా అవ్వా?" అని రోజూ ఏడిపించేవాణ్ణి. "తెలుసు. నీ మాదిరి తొందర లేదు దానికి" అనేది. ఆ ఎదురుచూపులో ఒక ఎండాకాలం గడిచింది. హిందూపురం రేకుల ఇంట్లో ఫ్యాను కింద ఉడికిపోయిన మేము, ఆ రాతి గోడల మధ్య మధ్యాహ్నం పూట హాయిగా పడుకున్నాం. రత్న గోడకు ఇంకో నాలుగు మేకులు కొట్టింది. నేను నీలం రంగు సంగతి మరిచిపోతూ వచ్చాను, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా.

మరుసటి ఏడు వానలకు ముందు అవ్వ నా చేతికి గంప ఇచ్చి చౌడు పరవమంది.

"పగలగొట్టే ఇంటికి చౌడేమిటికవ్వా?"

"పగలగొట్టేది నీకు తెలుసు. ఇంటికి తెలుసునా? అది తడుస్తాది కదా."

గంప ఎత్తుకుని ఎక్కాను. అవ్వ తన మిద్దె మీద నిలబడి, యాడ ఎంత మందం, యాడ వాలు, చేత్తో చూపించింది. తూర్పు మూలకు వచ్చేసరికి నాకు నడుం నొప్పి. అక్కడ పైపైన చల్లి, కాలితో రాసి, చూపులకు బాగుండేట్టు చేసి దిగాను.

వాన వచ్చింది. నడి మధ్యాహ్నం, కొండ కనబడనంత వాన. నేను మిద్దె ఎక్కేసరికి అవ్వ అప్పటికే తన మిద్దె మీద, తలపైన గోనెసంచి కప్పుకుని నిలబడి ఉంది. నా మిద్దె మీద పడిన నీళ్ళన్నీ దుప్పటి జారినట్టు జారి అవ్వ మిద్దె మీదికి దాటాయి, అక్కడి నుంచి ఆమె ఇంటి ముందరి రాతి దోనెలోంచి వీధిలోకి దూకాయి. నా తూర్పు మూలలో మాత్రం బుడగలు లేస్తున్నాయి. కింద రత్న గిన్నె పెడుతున్న చప్పుడు వినబడింది. "ఆడ కాదు, ఈడ! గంప తే! తొక్కు, ఇంగా తొక్కు!" అని అవ్వ అరుస్తోంది. నేను తొక్కాను. బుడగలు ఆగాయి.

"ఇప్పుడు చెప్పప్పా. నీళ్ళు యాటికి పోతాయి?"

"నీ నెత్తి మీదికవ్వా!"

"నేను కాపరానికి వచ్చిన కాడినుంచి అట్లే పోతాండాయి. నేనేమైనా అంటినా?"

నిలువునా తడిసి, బురదకాళ్ళతో, నా ఇంటి కప్పు మీద నిలబడి నవ్వుతున్నాను. అది నా ఇల్లని నాకు తెలిసింది అప్పుడే, కాగితాలు చేతికొచ్చిన రోజు కాదు.

అయితే ఎప్పుడో నేనే చెప్పిపెట్టిన మేస్త్రీ ఆ మరుసటి వారం టేపు పట్టుకుని దిగాడు. నడిమి గోడ పైభాగంలో సున్నం గీకి చూసి, నన్ను నిచ్చెన ఎక్కమన్నాడు. "అన్నా, చూడు. అవ్వ మిద్దె దూలాల కొనలన్నీ ఈ గోడ మీదనే కూర్చున్నాయి. కాగితాల ప్రకారం గోడ నీది. దీన్ని ముట్టుకుంటే అవ్వ ఇల్లు కూర్చుండిపోతాది." మేస్త్రీకి టీ తాగించి పంపేసి, అవ్వ గడప దగ్గర నిలబడ్డాను.

"ఏమిటికి చెప్పలేదవ్వా?"

"చెప్పింటే నామింద జాలితో ఉందువు. జాలి ఎన్నాళ్ళుంటాదప్పా? ఇల్లు నచ్చి ఉంటే నిలబడతావు."

"నచ్చకపోయింటే?"

"ధర్మవరంలో కొడుకు లేడా? ఆడికి పోతాంటి."

అంత తేలిగ్గా అనేసింది. వాన రాని ఆ ఏడాదంతా, నేను మబ్బుల మీద జోకులేస్తుంటే, ఆమె రోజూ ఆ దూలాల కింద పడుకుని లేచిందన్నమాట. నేను పక్కన కూర్చుని, ముందున్న చింతపండు కొంత నా వైపు లాక్కున్నాను. అవ్వ నా చేతులు చూసి, "గింజతో పాటు పండు కూడా పారేస్తాండావు" అంది.

కిందటి నెల అవ్వ కొడుకు అవ్వ ఇంటిని అమ్మేశాడు. కొన్నది గుడిబండ నుంచి వచ్చిన ఒక స్కూలు సారు. మంచి మనిషి. పోయిన వారం వచ్చి ఇల్లంతా చూసుకుని, "అన్నా, దీన్ని తీసేసి రెండంతస్తులు లేపుతాం" అన్నాడు. ఆయన గోడ లేపితే నా మిద్దె నీళ్ళకు దారి లేదు. నీళ్ళు పోకుండా నిలిస్తే, ఎంత చౌడు పరిచినా మట్టి మిద్దె నాని కూలుతుంది. నా నోట్లో మాటలన్నీ వరుస కట్టి నిలబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక నోటిదాకా వచ్చిన మాటను మింగిన జ్ఞాపకం నాకు లేదు. ఆ రోజు మింగాను.

"మీ ఇల్లు, మీ ఇష్టం సార్. ఒక వాన చూసి పగలగొట్టండి."

ఆయన తలెత్తి ఆకాశం చూశాడు. ఎక్కడా మబ్బు లేదు. "ఒక వానే కదన్నా, దానికేం" అన్నాడు.

ఈ ఉదయం నా మిద్దె పని ముగిశాక గంపలో ఇంకా చౌడు మిగిలింది. ఎత్తుకుని పక్క మిద్దె మీదికి దాటాను. కుమ్మరించలేదు. పిండి చల్లినట్టు చల్లాను, తూర్పు మూలతో సహా.