చెయ్యి వదిలితే ఆగే మిషన్

మా కళాశాల తోటమాలి ఏసోబు గారు గత సోమవారం ఉదయం పరమపదించారు. ఆ సమయాన నేను ఆఫీసు గదిలో హాజరు పట్టీ చూసుకుంటున్నాను. బయట గడ్డి కోసే మిషన్ మోత ఉన్నట్టుండి ఆగిపోయింది. పెట్రోలు అయిపోయి ఉంటుందనుకున్నాను. అంతలోనే వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "సారూ, ఏసోబన్న పడిపోయిండు! జల్దీ రాండ్రి" అన్నాడు. దవాఖానాకు చేర్చేలోపే గుండె ఆగిపోయింది.

ఇలాంటి వ్యాసాల్లో దివంగతుల సద్గుణాలను కీర్తించడం సంప్రదాయం. ఆ పని నేనూ చేస్తాను. అయితే ఆయన భార్య మార్తమ్మ గారికి చాలా ఏళ్ళ కిందటే చెప్పవలసిన నిజం ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అది చెప్పకుండా ఎన్ని విశేషణాలు గుప్పించినా ఈ నివాళి అబద్ధమే అవుతుంది. ఆయన బతికి ఉండగా నేనెన్నడూ "మీరు" అని పిలవలేదు. ఇప్పుడు రాతలో ఇస్తున్న ఈ గౌరవం ఆలస్యమైనదేనని నాకు తెలుసు.

జూలూరుపాడు దాటాక అడవి అంచున మా కళాశాల. ముందు విశాలమైన పచ్చిక, అది వంటశాల వైపు బాగా వాలుగా దిగుతుంది. మిషన్ తియ్యక ముందు ఏసోబు గారు బకెట్ పట్టుకుని ఆ పచ్చికంతా ఒకసారి నడిచేవారు. రాళ్ళు, కొబ్బరి చిప్పలు, తీగ ముక్కలు ఏరేవారు. నిన్ననే కదా ఏరావు అంటే, "కోతులు ఏమేం పడేసినయో ఎవరికెరుక సారూ? బ్లేడు కింద రాయి పడ్డదంటే తుపాకి గుండే" అనేవారు.

రోహిణి ఎండల్లోనూ బూట్లు విప్పేవారు కాదు. ఇంజను చల్లారనిదే పెట్రోలు పోసేవారు కాదు. బ్లేడుకు చుట్టుకున్న గడ్డి తియ్యాలంటే ముందు ప్లగ్గు వైరు ఊడదీసేవారు. లెక్చరర్లు అడ్డదారిన పచ్చిక మీదుగా వస్తే మిషన్ ఆపి, వాళ్ళు దాటిపోయేదాకా నిలబడేవారు. "మంత్రి గారి కారొస్తోంది, ఆగండి" అని మేం వేళాకోళం చేసేవాళ్ళం. ఆయన నవ్వేవారు కాదు, కోపగించుకునేవారూ కాదు. ఇంతటి క్రమశిక్షణ మిషన్ వరకే. ఆయన నీళ్ళు పొయ్యడం మరిచి ఎండబెట్టిన గులాబీ మొక్కలు తక్కువేం కావు.

ఆ మిషన్ పిడికి ఆనించి ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని పిడితో కలిపి నొక్కి పట్టుకున్నంతసేపే బ్లేడు తిరుగుతుంది, చక్రాలు నడుస్తాయి. వదిలితే అన్నీ ఆగిపోతాయి. "చెయ్యి ఇడిస్తె మిషన్ ఆగాలె సారూ. గదే దానికున్న బుద్ధి" అని ఆయన ఎన్నిసార్లు అన్నారో!

ఇక నా సంగతి. ఒక ఏడాది వానాకాలంలో మర్నాడు పైఅధికారుల తనిఖీ ఉందనగా, గడ్డి మోకాలెత్తు ఉంది. పొద్దున్నే జల్లు పడింది. కొయ్యమన్నాను.

"తడి గడ్డి మీద కాలు జారుతది సారూ. ఎండెక్కనీయండ్రి, మాపటికి అయిపోగొడత" అన్నారు.

"నాకు చెప్పేంతవాడివయ్యావా?" అని కసిరి, మిషన్ నేనే తీసుకున్నాను. కాళ్ళకు చెప్పులు. నాలుగు సాళ్ళకే అరచేయి నొప్పి పుట్టింది. మా వైపు పాత సైకిల్ ట్యూబు ముక్క సర్వరోగ నివారిణి. పైపు కారినా, గొడ్డలి పిడి వదులైనా దాన్నే చుడతాం. నేను ఆ ముక్కతో కడ్డీని పిడికి బిగించి కట్టేశాను. చెయ్యి హాయిగా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వాలులో కాలు జారింది. నేను వెల్లకిలా పడ్డాను. మిషన్ ఆగలేదు. కిందికి పోతూనే ఉంది. కింద కుళాయి దగ్గర మార్తమ్మ గారు ఇటు వీపు పెట్టి గిన్నెలు తోముతున్నారు. ఆమె అప్పుడు మా వంటశాలలో పనిచేసేవారు. మోత ఆమెకు వినబడుతూనే ఉంది. నడిపేది తన మనిషే అన్న ధీమాతో తల తిప్పలేదు.

పక్క నుంచి ఉరికొచ్చిన ఏసోబు గారు పిడి దొరకబుచ్చుకుని మిషన్‌ను కంచె మొక్కల్లోకి మళ్ళించారు. ట్యూబు పీకేశారు. ఆమెకూ మిషన్‌కూ మధ్య రెండు బారల దూరం ఉందేమో. అప్పుడు తిరిగి చూసిన మార్తమ్మ గారికి కనబడింది మిషన్ పట్టుకున్న భర్త ఒక్కరే.

"ఏంది, కండ్లు నెత్తికెక్కినయా? పెండ్లాన్నే సంపుతవా? గింత సోయి లేకుండ మిషన్ నడుపుతరా?" అని అందరూ వినేలా దులిపేశారు.

ఆయన తల వంచుకుని విన్నారు. తర్వాత పైకొచ్చి నన్ను అడిగింది ఒకటే: "కాలివేళ్ళు మంచిగున్నయా సారూ?" ఆ ట్యూబు ముక్కను జేబులో వేసుకున్నారు. నేను నోరు విప్పలేదు. ఆ రోజూ విప్పలేదు, తర్వాతా విప్పలేదు. ఆయన కూడా ఎవరికీ చెప్పలేదు.

సోమవారం ఆయన పడిపోయింది అదే వాలులో. కింద అదే చోట ఆడపిల్లలు టిఫిన్ కోసం వరుసలో నిలుచున్నారు. మేం వెళ్ళేసరికి మిషన్ ఆయన చేతికి జానెడు దూరంలో, బొమ్మలా నిలబడి ఉంది. ఆయన చెయ్యి వదిలారు, అది ఆగింది.

మిషన్ గదిలో మేకుకు ఆ ట్యూబు ముక్క వేలాడుతోంది. కొత్తగా పనిలో చేరినవారికి దాన్ని చూపించి, "ఒకసారి గిట్ల కట్టిండ్రు. మీరు కట్టకుండ్రి" అని చెప్పేవారట. ఎవరు కట్టిండ్రంటే మాట మార్చేవారట.

సమాధి దగ్గర మార్తమ్మ గారు నా చేతులు పట్టుకుని ఏడ్చారు. "మా ఆయన శాన పైలంగ పని చేసేటోడు సారూ. ఒక్కపాలి తప్ప" అన్నారు. ఆ ఒక్కసారి తప్పు నాదని అంతమందిలో చెప్పలేకపోయాను. అందుకే ఈ వ్యాసం. అచ్చయ్యేలోపే ఆమె ఇంటికెళ్ళి నేనే చదివి వినిపిస్తాను.

ఆ మహనీయుడి స్మృతికి నమస్కరిస్తున్నాను. అటువంటి మనిషి మా కళాశాలకు మళ్ళీ దొరకడు. మార్తమ్మా, మీ ఆయన ఆ ఒక్కసారి కూడా తప్పు చెయ్యలేదు. ఆ రోజు మీరు తిట్టిన తిట్లు నావి.

— వెంకట నారాయణ, ఆఫీసు సూపరింటెండెంట్