అప్పలమ్మ వాంగ్మూలం రాయడానికి దలా వెళ్ళిన రోజు

యాంగోన్‌ని మా ఇంట్లో ఇప్పటికీ రంగూన్ అనే అంటాం. మా తాతగారి అన్న అక్కడి రేవులో బస్తాలు మొయ్యడానికి వెళ్ళి, తిరిగి రాలేదు. ఆయన మునిమనవరాలు సీత. వరసకి నేను పెద్దమ్మని. ఆ పిల్ల బట్టల దుకాణంలో పనిచేస్తూ, సెలవు రోజుల్లో కొద్దిమంది కలిసి నడిపే ఒక హక్కుల సంఘానికి సాయం చేస్తుంది. సంఘం అంటే బోర్డు, ఆఫీసు లేవు. సైన్యం ఎవరిని పట్టుకుపోయిందో, ఎక్కడ ఉంచిందో కనుక్కుని ఇంటివాళ్ళకి చెబుతారు. జరిగింది ఇంటివాళ్ళు చెబితే రాసి భద్రం చేస్తారు. జీతాలు లేవు, భయం మాత్రం అందరికీ ఉంది. మొన్న చలికాలంలో సీత ఫోన్ చేసి, "పెద్దమ్మా, నీకు తెలుగు రాయడం వచ్చు కదా?" అని అడిగింది. నేను ముప్పై ఏళ్ళు జిల్లా కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు రాసి రిటైరైనదాన్ని. అంతకు మించి ఆ పిల్ల ఫోన్‌లో చెప్పలేదు. అక్కడ సైనికులు దారిలో ఆపి ఫోన్లు చూస్తారు. వీసా పెట్టుకుని, విశాఖ నుంచి కలకత్తా మీదుగా వెళ్ళాను. ఇందులో పేర్లన్నీ మార్చాను.

బంధువులున్నా నేను హోటల్లోనే దిగాల్సి వచ్చింది. ఇంట్లో ఎవరు పడుకున్నా వార్డు ఆఫీసులో రాయించాలి, విదేశీయులైతే మరీ ఇబ్బంది. పొద్దున ఏడింటికి ఊరి నడిబొడ్డున ఉన్న హోటల్ నుంచి సంచౌంగ్ అనే పేటకి టాక్సీ ఎక్కాను. అక్కడి డబ్బులో ఎనిమిది వేల చాట్లు అయింది. పెట్రోలు బంకు దగ్గర వరస రెండు వీధుల దాకా ఉంది. డ్రైవరు నా వైపు చూడకుండా, వచ్చీరాని ఇంగ్లీషులో, "తొందరగా పనిచూసుకుని తొందరగా ఇంటికెళ్ళండి" అన్నాడు. ఎందుకని అడిగితే, "అందరికీ అదే చెబుతాను" అన్నాడు.

సంచౌంగ్ బజారు వెనక ఒక మేడ మీద సీత, ఊ మ్యింట్ నాకోసం చూస్తున్నారు. ఆయన ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవాడు. ఊ అంటే మనం పేరు చివర 'గారు' అన్నట్టు. కింద బజార్లో చేపల పులుసు పోసిన సేమ్యా తెచ్చి పెట్టారు. అది వండే ఆవిడ పైకి వచ్చి గిన్నెలు తీసుకెళుతూ సీతతో ఏదో అంది. "తన తమ్ముడి సంగతి ఏవైనా తెలిసిందా అంటంది" అని సీత చెప్పింది. తెలియలేదని ఊ మ్యింట్ తల అడ్డంగా ఊపాడు. ఆవిడ గిన్నెలు దొంతర పెట్టుకుని దిగిపోయింది. రోజూ అడుగుతుందట.

అప్పుడు నాకు పని చెప్పారు. నది అవతల దలాలో అప్పలమ్మ అనే ఆవిడ ఎండు చేపలు అమ్ముకుంటుంది. కొడుకు ఈశ్వర్‌ని సాయంత్రం పడవ దిగి ఇంటికి వస్తుంటే సైన్యంలోకి పట్టుకుపోయారు. రెండు రోజులకి వార్డు ఆఫీసు మనిషి బర్మా భాషలో రాసిన ఒక కాగితం తెచ్చి, రేషను కోసమని ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నాడు. తర్వాత ఎవరో చదివి చెబితే తెలిసింది, కొడుకు ఇష్టపడి చేరాడు, తల్లిగా నాకు సమ్మతమే అని అందులో ఉందని. ఆనాటి నుంచి ఆవిడ ఏ కాగితమూ ముట్టడం లేదు. సంఘం వాళ్ళు రెండుసార్లు వెళ్ళి ఉత్త చేతులతో వచ్చారు. తెలుగులో రాసి చదివితేనే వేలు పెడతానంది. సీతకి తెలుగు మాట్లాడ్డమే అంతంతమాత్రం, అక్షరాలు అసలు రావు.

పది దాటాక ముగ్గురం పన్సొడాన్ రేవులో పడవ ఎక్కాం. విదేశీయులకి టికెట్టు వేరే కిటికీ దగ్గర, పాస్‌పోర్టు చూసి రాసుకుంటారు. దాటడానికి పది నిమిషాలు. పడవలో కూరగాయల గంపలు, సైకిళ్ళు, పనికి పోయేవాళ్ళు. వయసులో ఉన్న మగపిల్లలు తక్కువ. విదేశీయురాలితో కనబడకూడదని సీత, ఊ మ్యింట్ నాకు దూరంగా కూర్చున్నారు. అవతల ఒడ్డున నేనూ సీతా ఒక సైకిలు రిక్షా, ఊ మ్యింట్ ఇంకోటి మాట్లాడుకుని ట్వంటే వెళ్ళే రోడ్డు మీద పావుగంట పోయాక ఎడమకి మట్టిదారిలో దిగాం. మా రిక్షా ముసలాయన మమ్మల్ని దించి, "ఎదురు చూడను. ఎవరింటికి తెచ్చానో నాకు తెలీదు" అని వెళ్ళిపోయాడు. సీత ఆ మాట తెలుగు చేసి చెప్పి, "మంచోడే" అంది.

వెదురు తడికల ఇల్లు. అప్పలమ్మ చేపలు ఆరేసిన చాప పక్కన కూర్చుని ఉంది. నేను తెలుగులో పలకరించగానే పీట వేసింది. "ఏ ఊరు మీది?" అని అడిగింది. శ్రీకాకుళం దగ్గర అన్నాను. "మా ముసలోల్లూ అటేపోల్లే" అంది. అక్కడ పంతులమ్మల్ని పిలిచినట్టు నన్ను సయామా అని పిలిచింది. కాగితం తియ్యగానే రెండు చేతులూ చీర కొంగులో పెట్టేసుకుంది.

"ముందు నాను సెప్తాను. నువ్వు రాయి. నాను సెప్పిందే రాయాల."

చెప్పింది. ఏ పూట, ఏ చొక్కా, రేవు దగ్గర ఎవరు చూశారు, మర్నాడు తను క్యాంపు గేటు దగ్గర ఎంతసేపు నిలబడింది, అన్నం మూట ఎలా వెనక్కి ఇచ్చేశారు. గంటసేపు రాశాను. తర్వాత చదివాను. 'నా కుమారుడు బలవంతముగా తీసుకుపోబడినాడు' అన్న దగ్గర ఆపింది.

"ఆ మాట నానన్లేదు."

"అదే అర్థం అమ్మా. కోర్టులో అలాగే రాస్తాం."

"తీసుకుపోబడినాడంటే ఎవులు తీసుకెల్లినట్టు? ఆడంతట ఆడే కొట్టుకుపోనాడా, ఏట్లో చెక్కలాగ?"

ముప్పై ఏళ్ళుగా నేను రాసిన కాగితాల్లో అందరూ కొట్టబడ్డారు, చంపబడ్డారు, తీసుకుపోబడ్డారు. ఆవిడ వార్డు మనిషి పేరు చెప్పి రాయమంది. సీత, ఊ మ్యింట్ బర్మాలో మాట్లాడుకున్నారు. పేరు ఖాళీ వదిలితే నీకు క్షేమం, తర్వాతైనా నింపొచ్చు అని సీత వచ్చిన మాటల్లో చెప్పింది.

"పేరు రాయి. ఆడు నా ముంగిట్లో కూకుని నా టీ తాగినాడు. ఇంకోటీ రాయి సయామా. ఆ రేసను కాయితం మీద నా ఏలితో నానే నా గుంటణ్ణి పంపీసినాను."

"అది మీ తప్పు కాదమ్మా, రాయక్కర్లేదు."

"తప్పని సెప్తన్నానా? జరిగింది సెప్తన్నాను."

పాత కాగితం చించి, ఆవిడ మాటల్లోనే మళ్ళీ రాశాను. ఎవరు పట్టుకున్నారో, ఎవరు కాగితం తెచ్చారో, ఎవరు వేలు పెట్టారో. నెమ్మదిగా చదివితే ప్రతి వాక్యానికీ "ఊ" కొట్టింది. సిరా బొటనవేలికి రాసుకుని తనే వచ్చి నొక్కింది. తర్వాత మాకు చేపల కూరతో అన్నం పెట్టింది. ఉప్పు చాలిందా అని అడిగింది. మూడింటి పడవకి వెనక్కి వచ్చాం. కాగితం నది ఎలా దాటిందో మాత్రం రాయను.

నేను ఇంటికొచ్చిన ఆరు వారాలకి సీత ఇంకొకరి ఫోన్ నుంచి మాట్లాడింది. ఈశ్వర్ జాడ లేదు. అప్పలమ్మని వార్డు ఆఫీసుకి పిలిచారు, సాయంత్రానికి పంపేశారు. మూడో రోజుకి ఇల్లు ఖాళీ. ట్వంటే వైపు బంధువుల దగ్గరికి వెళ్ళిందని ఒకరు, కాదని ఒకరు చెబుతున్నారు. సంఘం వాళ్ళు వెతుకుతున్నారు. జాడ తెలియనివాళ్ళ పేర్లు రాసుకునే పుస్తకంలో కొడుకు పేరు కింద ఆవిడ పేరూ రాశారు. "ఆ కాగితం వల్లేనా?" అని అడిగాను. "తెలీదు పెద్దమ్మా," అంది.

నాకూ తెలీదు. ఆ పేరు రాయకపోతే ఆవిడ ఇవాళ చేపలు ఆరేసుకుంటూ ఉండేదేమో. రాయకపోతే ఆవిడ వేలు పెట్టేది కాదు, ఆమె తరఫున లోకంలో మిగిలేది ఆ రేషను కాగితం ఒక్కటే. ఈ రెండింట్లో ఏది మేలో తేల్చుకోవడానికి నాకు అధికారం లేదు. అధికారం ఉన్నావిడ తేల్చుకుంది, నా ఎదురుగానే. పూజగదిలో కూర్చున్నా, కూర తరుగుతున్నా, ఆవిడ "ఊ" కొట్టిన తీరు వినిపిస్తూనే ఉంటుంది.

దలా వెళ్ళేవాళ్ళకి ఒకటే మాట: రేవులో మీ పాస్‌పోర్టు వివరాలు రాసుకుంటారు, వాటిని పట్టుకుని ఎవరైనా ఆ ఇంటిదాకా రావచ్చు కాబట్టి, అవతల మీరు కలవబోయే మనిషికి ఆ సంగతి ముందే చెప్పండి. ఏ రోజు రావాలో, అసలు రావాలో వద్దో, వాళ్ళనే తేల్చనివ్వండి.